చదివి వినిపించగా

ఇటీవల బంధువొకరికి తోడుగా కృష్ణా మండలమునందలి ఒక పట్టణపు న్యాయస్థానమునకు పోయి, ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు వెనుకబల్లమీద కూర్చుండి, ఒక పొలముగట్టు తగవు విచారణకు వచ్చుట చూచితిని. సాక్షిగా బోనెక్కినవాడు డెబ్బదియేండ్లు దాటిన రైతు. ప్రమాణము చేయించిన పిమ్మట న్యాయవాది లేచి, యంత్రముపై అచ్చొత్తిన నాలుగు కాగితములను ఆయన ముందుంచి, "ఈ సంతకం నీదేనా?" అని యడిగెను. "నాదేనండి" అని యాయన యనెను. అంతటితో ముఖ్యవిచారణ ముగిసినది. తన తండ్రి ఆ చెక్కను ఎవరియొద్ద కొనెనో, గట్టుమీది తాళ్ళను ఎవరు గీయించుకొనుచుండిరో, బోదె నీరు ఎటునుండి ఎటు పారుచుండెడిదో, ఆ ముదుసలి తన నోట ఒక్క వాక్యమైనను చెప్పలేదు. చెప్పవలసినదెల్ల వకీలు గదిలో కూర్పబడి, ఆయనకంటె ముందుగనే కోర్టునకు చేరి యుండెను. అటుపిమ్మట ప్రతిపక్షపు న్యాయవాది వేసిన అడ్డుప్రశ్నలకు "కాదు", "తెలియదు", "నిజం కాదు" అనుటయే ఆయనకు మిగిలిన పని.

ఇది ఆ కోర్టువారి తప్పిదము కాదు, ఆ న్యాయవాది తప్పిదమును గాదు. సివిలు ప్రొసీజరు కోడునకు 1999లోను, 2002లోను చేసిన సవరణలు 2002 జూలై 1 నుండి అమలునకు రాగా, సివిలు దావాలలో సాక్షి యొక్క ముఖ్యవిచారణ ప్రమాణపత్రరూపముననే దాఖలు కావలెనను నియమ మేర్పడినది. దావాలు తాతలనాడు పుట్టి మనుమలనాటికిని తీరకుండుట చూచి, కాలము కలిసివచ్చునను సదుద్దేశముతోనే శాసనకర్తలు ఈ మార్పు చేసిరి. వారి యుద్దేశమును నేను శంకింపను. అయినను, ఆ నియమముతోపాటు మన మునసబు కోర్టులనుండి వెడలిపోయిన దొకటి కలదు. అది యేమో తెలియవలెనన్న, ఆ పాత కోర్టు ఎట్లు మేలుకొని, ఎట్లు పలికి, ఎట్లు వినుచుండెడిదో కొంత వివరింపవలసి యున్నది.

* * *

నేనెరిగిన మునసబు కోర్టు పెంకుటింటిలో నుండెడిది. నాలుగు ప్రక్కల వసారా. ఆ వసారా స్తంభములకు ఎన్నియో యేండ్లుగా కక్షిదారుల వీపులు ఆనుటచేత, మనిషి కూర్చుండిన యెత్తున సున్నము నల్లబడి నునుపెక్కి యుండెను. ఆవరణలో రెండు చింతచెట్లు. ఒకదాని నీడను అర్జీలు వ్రాయువారు, మరియొకదాని నీడను స్టాంపు వెండరు ఆక్రమించియుండిరి. అర్జీ వ్రాయువాని ఆస్తి యంతయు ఒక వాలుమూత పెట్టె. మూతమీద వ్రాత, లోపల కాగితములు, సిరాబుడ్డి, కలములు, వ్రేలిముద్రకై నల్లని సిరాదిండు. తూర్పుపల్లెలవారు తెల్లవారుజామున కాలువ పడవ దిగి, పడమటివారు బండ్లు కట్టుకొని, కోర్టు గంటకు చాలముందుగనే అచటికి చేరి, చద్దిమూటలు కొమ్మలకు తగిలించి, ఎవరి ప్లీడరు గుమాస్తాకొరకు వారు ఎదురుచూచుచుండెడివారు.

అచ్చటి ప్లీడరుగారొకరికి మా పెదతండ్రిగారు గుమాస్తా. కోర్టువ్యవహార మెరుగనివారికి నల్లకోటు తొడిగిన ప్లీడరే కనబడును గాని, పల్లెటూరి కక్షిదారునకు దారి చూపువాడు గుమాస్తాయే. ఏ దావా ఏ తేదీకి వాయిదా పడినదో తెలుపు పుస్తకము ఆయనదే. కోర్టు ఫీజు స్టాంపులు లెక్కగట్టి అంటించువాడు, సమన్లకు ఫీజు కట్టి సాక్షులకు బత్తా దాఖలు చేయువాడు, నకళ్ళకు దరఖాస్తు పెట్టి కాపీయిస్టుల చుట్టు తిరుగువాడు ఆయనయే. ఎర్రని నాడాతో కట్టిన కాగితపు కట్టలను రెండుచేతుల పొదివికొని, వీధివెంబడి ఆయన నడచి పోవుచుండగా, దుకాణములవారు లేచి "పంతులుగారూ, మా సంగతేమైందండీ?" అని యడుగుటయు, ఆయన ఆగకయే "పదిహేనో తేదీ. నోటు వెనక చెల్లు వేసిన సాక్షిని తీసుకురా" అని చెప్పుటయు నాకిప్పటికిని వినబడుచున్నట్లే యుండును. ఆ చెల్లు చిన్న విషయము కాదు. ప్రామిసరీ నోటునకు మూడేండ్లతో కాలదోషము పట్టును. గడువులోగా ఎంతో కొంత చెల్లించి, బాకీదారుడు తన చేతితో నోటు వెనుక వ్రాసి సంతకము చేసినచో, ఆ నాటినుండి మరల మూడేండ్లు. డెల్టాలోని ఎన్ని కుటుంబముల పెండ్లిండ్లు, చదువులు, పొలములు ఆ వెనుకవ్రాత మీద నిలిచెనో, ఎన్ని అది లేక కూలెనో, ఆ వసారాలో కూర్చుండినవారి కెరుక.

విచారణకు ముందటి సాయంకాలము సాక్షులు మా యింటి అరుగుమీదికి వచ్చెడివారు. పెదతండ్రిగారు లాంతరు ప్రక్కన పెట్టుకొని, "నువ్వు చూసింది నాతో చెప్పు" అని మొదలుపెట్టించి, మధ్య నొక మాటయైనను అందింపక కడవరకు వినుచుండెడివారు. సాక్షి కల్పించి చెప్పుచున్నాడని తోచినచో, "ఆ సంగతి నువ్వు కళ్ళారా చూశావా, ఎవరన్నా చెబితే విన్నావా?" అని మాత్రము అడిగెడివారు. సాక్షులకు పాఠములు చెప్పు గుమాస్తాలును ఆ కాలమున లేకపోలేదు. చింతచెట్టు క్రింద రోజుకూలికి సాక్ష్యము పలుకువారును ఉండిరి. కన్యాశుల్కమున గురజాడవారు చిత్రించిన కూటసాక్ష్యముల వ్యవహారము ఆయన ఊహించి కల్పించినది కాదు, ఎరిగి వ్రాసినది. కాని అబద్ధ మాడువాడు సైతము ఆనాడు తన నోటితోనే, నిలుచుండి, అందరు వినుచుండగా ఆడవలసివచ్చెడిది. ఆ శ్రమ చిన్నది కాదు.

పదిన్నరకు గంట. ఎర్రని పట్టీ, ఇత్తడి బిళ్ళ ధరించిన బంట్రోతు ద్వారమునొద్ద నిలిచి, దావా నెంబరు చదివి, వాదిని, ప్రతివాదిని ఇంటిపేర్లతో సహా మూడుమార్లు పిలిచెడివాడు. అది మర్యాదకై పిలిచిన పిలుపు కాదు. మూడవ పిలుపునకును పలుకని వాది దావా కొట్టివేయబడవచ్చును, పలుకని ప్రతివాదిపై ఎక్స్‌పార్టీ డిక్రీ పుట్టవచ్చును. అందుచేత బంట్రోతు కంఠము కాఫీహోటలు దాటి, కాలువ వంతెనవరకు పోవలెను, పోయెడిది కూడ. ఎవని పేరు పిలువబడినదో ఊరంతకును తెలిసెడిది. సిగ్గుపడువారు సిగ్గుపడుచునే, గర్వించువారు గర్వించుచునే, ఉత్తరీయము సరిచేసికొని, చెప్పులు వసారాలో విడిచి లోనికి పరుగెత్తెడివారు.

* * *

సాక్షి కథనమే ఆ దినమునకు ప్రధానఘట్టము. న్యాయాధిపతి ఎత్తైన వేదికమీద, కలము చేతబట్టుకొని, సాక్షి వంక చెవియొగ్గి కూర్చుండెడివాడు. 1908 నాటి కోడు, అప్పీలు గల దావాలలో సాక్ష్యమును న్యాయాధిపతి తానే గాని, తన యెదుట గాని వ్రాతలో పెట్టవలెననియు, ప్రశ్నోత్తరములుగా గాక సామాన్యముగ కథనరూపమున వ్రాయవలెననియు, ముగిసిన తరువాత సాక్షి యెదుట దానిని చదివి వినిపింపవలెననియు శాసించినది. అది కాగితముమీద పొడి నియమము. ఆ గదిలో అది యొక సజీవవ్యాపారము. సాక్షి తెలుగున చెప్పును. న్యాయాధిపతి వినును, ఇంగ్లీషున వ్రాయును. సాక్షి ఒక దమ్మున పది మాటలాడిన, కలము మూడు వాక్యములు సాగువరకు అతడు ఆగవలెను. ఆ విరామములో గది యంతట కలపుపాళీ చప్పుడు, పంకా కిర్రుమనుట తప్ప మరియొక సవ్వడి యుండెడిది కాదు. ఆ నిశ్శబ్దమున సాక్షి తన మాటను తాను మరల తలచుకొనెడివాడు. ఒక్కొక్కప్పుడు, "ఉండండి బాబూ, అది ఆ ఏడు కాదు, ఆ తర్వాతి ఏడు" అని దిద్దుకొనెడివాడు.

రైతు సాక్షులకు తేదీలతో పని యేమి? వారి కాలగణనము వేరు. "పెద్ద గాలివానకు ముందటి కోతలప్పుడు", "మా చిన్నమ్మాయి నెలల పిల్ల", "కాలువకు గండి పడిన ఏడు", ఇవి వారి సంవత్సరములు. ఆ గాలివాన ఏ యేట వచ్చినదో న్యాయాధిపతి ప్రశ్నించి, రెండుపక్షముల ప్లీడర్లు తర్జనభర్జనలు పడి, తుదకు ఒక సంవత్సరమునకు వచ్చి, దానిని వ్రాసికొనెడివారు. బోదె, పుంత, డొంక, కళ్ళము అను మాటలకు ఇంగ్లీషున సరియైన మాట దొరకక, వినినది వినినట్లే రోమను లిపిలో ఎక్కించుట నేను చూచితిని. మచిలీపట్టణము, రాజమహేంద్రవరము కోర్టులలో న్యాయాధికారిగా పనిచేసిన బ్రౌనుదొర, వ్యవహారమున వాడుకయందున్న దావా, వకాల్తా, నకలు వంటి మాటలను ఏర్చి, 1852లోనే జిల్లా నిఘంటువును ప్రకటించుటకు కారణము ఈ యక్కరయే కావలెను.

సాక్షి తడబడినను, చెమర్చినను, పకపక నవ్వినను, న్యాయాధిపతి చూచుచుండెడివాడు. ముఖవైఖరిని గూర్చి అవసరమైనచో వ్రాసియుంచుకొనుటకు కోడు ఆయన కధికార మిచ్చినది. సాక్ష్యము ముగిసిన పిమ్మట ఆయన గాని, బెంచి గుమాస్తా గాని, వ్రాసినదెల్ల వాక్యవాక్యమునకు తెలుగు చేసి చదివెడివారు. తన జీవితమునందలి ఒక భాగమును పరాయివాడు చదువుచుండగా, బోనులో నిలిచి, తలయూపుచు వినెడి ఆ ముఖములను నేను మరువజాలను. "అంతేనా?" అని యడిగిన, ఎన్నడును పాఠశాల మెట్టెక్కని ముసలమ్మయు, "మా వదినన్నది నేను చూశానని రాశారు, నేను చూడలేదు బాబూ, వదినే చెప్పింది" అని దిద్దించెడిది. కలము మరల కదలెడిది. పిమ్మట ఆ కాగితము అడుగున 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నది' అను వాక్యము, దాని క్రింద ఆమె వ్రేలిముద్ర, న్యాయాధిపతి సంతకము. ఆ ముద్ర తనది కాని మాటపై పడలేదని ఆమె ఎరిగియుండెను.

1976 సవరణతో న్యాయాధిపతి చెప్పుచుండగా టైపుయంత్రముపై నేరుగ కొట్టించుటకు వీలుకలిగినది. చప్పుడు పెరిగినది, వేగము పెరిగినది, అక్షరములు స్పష్టమైనవి. అయినను అప్పటికిని సాక్షి తన కథను తానే చెప్పుచుండెను.

* * *

అంతకంటె ముందు మరుగుపడిన దొకటి, గుడిలోని ప్రమాణము. గంగాజలము చేతబట్టి హిందువులు, ఖురాను తాకి మహమ్మదీయులు కోర్టులో శపథము చేయు నాచారమును 1840 నాటి శాసనము తొలగించి, భగవత్సాక్షిగ సత్యము చెప్పెదనను వాంగ్మూలము నేర్పరచినది. కాని 1873 నాటి ప్రమాణముల చట్టము మరియొక ద్వారము తెరచియుంచెను. "నా ప్రతివాది ఫలానా దేవుని యెదుట ఫలానా విధముగ ప్రమాణము చేసి చెప్పినచో నేను కట్టుబడుదును" అని ఒక పక్షము ఒప్పుకొనినచో, కోర్టు రెండవ పక్షము నడిగి, అవసరమైన కమీషనరును పంపి, అచ్చటనే ప్రమాణము చేయించవచ్చును. అట్లు చేసిన సాక్ష్యము, ఒప్పుకొనినవానికి వ్యతిరేకముగ నిర్ణాయక మగును. తెలుగుదేశమున ఈ ద్వారముగుండ ఎన్ని దావాలు కోర్టునుండి గుళ్ళకు నడిచెనో! చిత్తూరు సీమలో కాణిపాక వినాయకుని సన్నిధి ఇటువంటి ప్రమాణములకు పేరెన్నికగన్నది. స్నానము చేసి, తడిబట్టలతో, వెలుగుచున్న కర్పూరము నార్పి చేయు ప్రమాణమునకు జంకి, గుడిమెట్లవరకు వచ్చి, బాకీ నొప్పుకొని వెనుదిరిగినవారి కథలు పెదతండ్రిగారు చెప్పుచుండెడివారు.

1969 నాటి క్రొత్త చట్టమున ఆ నిబంధనలు చోటు చేసికొనలేదు. అది మేలే యని నా నమ్మకము. ధనికుడైన వాది, పేదయైన ప్రతివాదిని భయముతో లొంగదీయుటకు ఆ గుడి నెంచుకొనుటయు కలదు. దైవభీతి లేనివాడు నిర్భయముగ కర్పూర మార్పి పరుల సొమ్ము అపహరించుటయు కలదు. నిజమును తేల్చుట న్యాయాధిపతి భారముగాని దేవుని భారము కాదు.

నియమమున నిలిచినను, టముకును వాడుకలో సన్నగిలినది. పొలము జప్తుచేసినను, వేలమునకు పెట్టినను, ఆ భూమియొద్ద డప్పు మ్రోగించి చాటవలెనని కోడు చెప్పుచున్నది. అమీనాయు, డప్పు వాయించువాడును, ఒక కాగితమును చేతబట్టి, వాడవాడలను తిరుగుచుండగా, అప్పులపాలైన గృహస్థుడు తలుపు మూసికొని లోపల కూర్చుండెడివాడు. అయితే ఆ అమీనా చేతులకును సంకెళ్ళుండెను. సూర్యాస్తమయము తరువాత ఇంటిలో నడుగిడరాదు, వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, స్త్రీ మెడలోని మంగళసూత్రము, వృత్తిపనివాని పనిముట్లు, సేద్యమునకు కావలసిన ఎడ్లు, విత్తనపు ధాన్యము ముట్టరాదు. ఆ పట్టికలో నొక నాగరికతయొక్క దయ యున్నదని నాకు తోచును.

* * *

మునసబు కోర్టునందు పలికిన ఆ మాటలకు మరియొక యాత్ర యుండెడిది. 1802లో మద్రాసు ప్రభుత్వము జిల్లా న్యాయస్థానముల నేర్పరచిన నాటనుండి, 1862లో హైకోర్టు వెలసిన తరువాతను, కోస్తా రాయలసీమల పెద్ద అప్పీళ్ళు చెన్నపట్టణమునకే పోవుచుండెను. కృష్ణలంకలోని రైతు నోటిమాట, న్యాయాధిపతి కలము ద్వారా ఇంగ్లీషై, సముద్రతీరమునందలి ఆ ఎర్రని కట్టడమునకు చేరి, రైతును ఎన్నడును చూడని న్యాయమూర్తుల కన్నులయెదుట మరల పలికెడిది. నెల్లూరు సీమనుండి పోయిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు ఆ కోర్టున ఉద్దండ న్యాయవాదులలో నొకరుగ నిలుచుటయు, నాటకకర్తయగు పాకాల వెంకట రాజమన్నారుగారు 1948లో దానికి ప్రధాన న్యాయమూర్తి యగుటయు తెలుగువారు గర్వముతో చెప్పుకొనుచుండిరి.

శ్రీబాగు ఒడంబడికనాటి నుండి రాజధాని యెక్కడ, హైకోర్టు యెక్కడ యను పట్టు సాగుచుండగా, ఆంధ్రరాష్ట్రమునకు హైకోర్టు 1954 జూలై 5న గుంటూరున కోకా సుబ్బారావుగారి ప్రధాన న్యాయమూర్తిత్వమున మొదలైనది. రెండేండ్లు దాటినంతనే, 1956 నవంబరులో, అది హైదరాబాదునకు తరలి, మూసీ యొడ్డున 1920లో ప్రారంభమైన ఎర్రరాతి మహాసౌధమున స్థిరపడినది. ఆ సౌధమునందు అంతకుముందు మ్రోగినది ఉర్దూ. తెలంగాణమునందలి తెలుగురైతు తన కష్టము తెలుగున చెప్పగా, అది ఉర్దూలో వ్రాయబడెడిది; ఆంధ్రరైతు మాట ఇంగ్లీషున నిలిచినట్లే, ఆయన మాటయు పరాయి లిపిలో నిలిచినది. 2014లో రాష్ట్రము రెండైనది; 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశమునకు అమరావతిలో వేరు హైకోర్టు కలిగినది. రాజేంద్రనగరున తెలంగాణ హైకోర్టు క్రొత్త భవనమునకు 2024లో శంకుస్థాపన జరిగినందున, మూసీ యొడ్డు సౌధమును కొన్నాళ్ళకు వాదోపవాదములు విడిచిపోగలవు. కట్టడములు మారుట సహజము. వాని గోడలలో చెప్పుకొనుటకు వచ్చినవాని కంఠము నిలుచుట ముఖ్యము.

* * *

పాతది యంతయు బంగారమని నేననను. గ్రామమునందలి మొదటి న్యాయపీఠ మెట్లుండెనో చూడుడు. 1816 నాటి శాసనము గ్రామాధికారికి చిన్నతప్పులను విచారించు నధికార మిచ్చుచు, పై కులమువానిని చావడిలో కొన్ని గంటలు నిర్బంధించుటకును, క్రింది కులములవారిని మాత్రము ఆరుగంటలవరకు బొండకొయ్యలో బిగించుటకును అనుమతించినది. ఒక్క తప్పునకు, కులమునుబట్టి రెండు శిక్షలు, రాజశాసనమున అక్షరములలో! ఊరినడుమ కాళ్ళు కొయ్యలో నిరికించుకొని యెండలో కూర్చుండిన మాలపల్లి మనిషికి మూడుమార్లు పిలుచు బంట్రోతు లేడు, చదివి వినిపించువాడు లేడు. వేలములకు డప్పు వాయించు మాదిగవానికి వసారాస్తంభమున కానుకొని కూర్చుండు ధైర్యము సైతము లేకుండెను. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దుచేసిన నాడు, ఎందరి గుండెలనుండియో బరువు దిగిపోయినది. స్త్రీలు వకీళ్ళగుటకు 1923 చట్టము దారి తెరచినను, మన హైకోర్టు పీఠమునెక్కిన మొదటి మహిళగా జస్టిస్ అమరేశ్వరిగారు కనబడుటకు 1978 వరకు పట్టినది. నేడు జిల్లా కోర్టులలో న్యాయాధిపతి ఆసనమున యువతి కూర్చుండుట వింతకాదు. వాయిదా తేదీ సెల్‌ఫోనునకు వచ్చును, తీర్పు నకలు ఇంటనే చదువవచ్చును. కాపీయిస్టు చుట్టు తిరుగుట లేదు, పడవపైన వచ్చి గంట తప్పిపోయిన దావాను పోగొట్టుకొనుట లేదు. ఇవి చిన్న లాభములు కావు. పల్లెటూరి పేదవానికి అనేక దినముల కూలి మిగిల్చిన లాభములు.

ప్రమాణపత్రము మాత్రము ఆ లాభములలో చేరునా? కాలము కలిసివచ్చునని చెప్పిరి. సాక్షి చెప్పుట తగ్గినది నిజమే, కాని ప్రమాణపత్రమున ఒకటికి పది విషయములు నింపబడుటచేత, వానిని ఛేదించు అడ్డుప్రశ్నలు పెరిగి, వాయిదా మీద వాయిదా పడుట నేను కన్నులార చూచుచున్నాను. దానికంటె పెద్ద నష్టము, ఆ కాగితమున సాక్షి భాష లేకుండుట. అందరి ప్రమాణపత్రములు ఒక్క గొంతుకతోనే మాటలాడును. బాపట్ల రైతు, కర్నూలు నేతగాడు, నల్లగొండ కూలివాడు, అందరును ఒక్క తీరుననే "సవినయముగ మనవి చేయునది యేమనగా" అందురు. పెద్దగాలివానకు ముందటి కోతలు అచ్చట లేవు. తారీఖులు కలవు, అవి వకీలుగారి లెక్కలు. అబద్ధమును పట్టుకొనుటకు న్యాయాధిపతికి ఒకనాడు కంఠమున్నది, విరామమున్నది, దిద్దుకోలున్నది. ఇప్పుడు ఆయన చూచునది పైకి నున్నగా తీర్చిన కాగితమును, దానిని సమర్థించుకొనుటకు తంటాలుపడు ఒక భీతుని మాత్రమే. తెలుగును అధికారభాషగా జేసిన 1966 నాటి చట్టము వచ్చి ఇన్నేండ్లైనను కోర్టులలో తీర్పులు మిక్కిలిగ ఇంగ్లీషుననే సాగుచుండగా, తెలుగువానికి కోర్టులో మిగిలిన తెలుగు ఆ సాక్షి కథనమొక్కటే. దానిని మనము కాలమును పొదుపుచేయుటకై ఖర్చుచేసితిమి.

క్రిమినలు కోర్టులు ఈ విషయమున ఇంకను పాతబాటనే యున్నవి. సెషన్సు కోర్టులో హత్యనేరము విచారణకు వచ్చినచో, చూచినవాడు బోనులో నిలిచి తాను చూచినది తానే చెప్పవలెను; అది ఎంత కఠినమైనను తప్పదు. అట్లు చెప్పుచున్న సాక్ష్యమును ధ్వనితో, దృశ్యముతో యంత్రములలో నమోదుచేయుటకు చట్టము ఇప్పుడు అనుమతించుచున్నది. సివిలు కోడు సైతము యంత్రముద్వారా నమోదును 1976లోనే అంగీకరించినది. ఆ యంత్రమును మునసబు కోర్టులకు, ఇప్పటి పేరున జూనియరు సివిలు జడ్జీల కోర్టులకు, తెచ్చిపెట్టి, కనీసము పొలము, ఇల్లు, వారసత్వము వంటి తగవులలో సాక్షి తన కథను తన మాటలతో మొదటి అరగంట చెప్పుకొనునట్లును, ఆ ధ్వనియే రికార్డున నిలిచి అప్పీలు విను న్యాయమూర్తుల చెవినబడునట్లును నియమము చేసినచో, ప్రమాణపత్రమువలన కలిసివచ్చిన కాలము పెద్దగ తరుగదు. న్యాయవాదుల సంఘములును, హైకోర్టుల నియమావళి సంఘములును ఈ కోర్కెను పరిశీలింపవలెనని, అరుగుమీద లాంతరు వెలుగున సాక్షుల కథలు వినుచు పెరిగినవాడనగుటచేత, నేను అర్థించుచున్నాను.